బడిలో చోటు, చదువులో చోటు

మన గ్రామపాఠశాలల హాజరుపట్టీలలో అంధులును, బధిరులును, కాలుసేతులు స్వాధీనము లేనివారును, బుద్ధి మెల్లగా వికసించువారును అగు బాలబాలికల పేర్లు నేడు కన్పట్టుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయమే. ఒకప్పుడు ఇట్టి బిడ్డలనేకులు వీధియరుగులమీదనే పెరిగి పెద్దవారగుచుండిరి. కాని పట్టీలో పేరుండుట వేరు, ఆ బిడ్డకు చదువు వచ్చుట వేరు. ఈ రెంటికి నడుమగల దూరమును గూర్చియే మేము పాఠకులతో ముచ్చటింపదలచితిమి.

చట్టమునకు కొదవ లేదు. విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి రాగా, 2012లో దానిని సవరించి వికలాంగులగు బిడ్డలను స్పష్టముగా దాని పరిధిలోనికి దెచ్చిరి. 1995 నాటి వికలాంగుల చట్టము 7 విధములగు వైకల్యములనే గుర్తింపగా, 2016 నాటి చట్టము 21 విధములను గుర్తించినది. నూటికి 40 వంతులకు తక్కువగాని వైకల్యము గల బిడ్డ 6 మొదలు 18 ఏండ్ల వరకు తన యింటికి చేరువనున్న బడిలోగాని, కోరినచో ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువుకొనవచ్చునని శాసించినది. పేర్లను గూడ మార్చినారు. వికలాంగులనరాదనిరి, దివ్యాంగులనిరి, విభిన్న ప్రతిభావంతులనిరి. పేరు మారుచునే యున్నది. బడిగుమ్మము ముందటి మెట్లు మాత్రము పెక్కుచోట్ల అట్లే యున్నవి.

మెట్ల ప్రసక్తి వచ్చినది గావున ఒక లెక్క చెప్పెదము. చక్రములకుర్చీలో వచ్చు బిడ్డ యెక్కుటకు కట్టు వాలు, అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవుండవలెను. రెండడుగుల అరుగుగల బడికి ఇరువదినాలుగడుగుల వాలు కావలెనన్నమాట. ఆరడుగులలో ముగించిన వాలును పొలముగట్టుపై బండి తోలిన ప్రతి రైతును చూచినంతనే తప్పుపట్టును. అది ఎక్కుటకు గాదు, జారుటకు పనికివచ్చును. అట్టి వాలును కట్టి, పద్దు వ్రాసి, పని పూర్తియైనదని చెప్పుట కాగితమునకు చాలును గాని బిడ్డకు చాలదు. పాఠశాలలకు విరాళమిచ్చి ద్వారముపై పాలరాతిపలక పెట్టించుకొను దాతలు మనలో కొల్లలుగా నున్నారు. ఆ పలక వెలతో వాలు యెంత పొడవు సాగునో వారొక్కమారు మేస్త్రీని విచారింతురుగాక.

అయినను ఇటుక పని సులభము. కష్టమంతయు తరగతిగది లోపల నున్నది. మచిలీపట్టణమునకు సమీపమందలి సీతారామపురములో వ్యవసాయ కుటుంబమున బుట్టిన బొల్లా శ్రీకాంత్ చరిత్ర మన పాఠకులలో పెక్కురకు తెలిసినదే. 2024లో చలనచిత్రముగా గూడ వచ్చినది. పుట్టంధుడగు ఆ బాలుని ఊరిబడిలో చేర్చిరి. బడి అతనిని కాదనలేదు. వెనుకబల్లపై కూర్చుండబెట్టినది, అంతే. ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాసినది అతనికి కానరాదు. కానరాదని ఎవరికిని తోచలేదు. పిమ్మట హైదరాబాదులోని అంధుల పాఠశాలలో చేరినతోడనే అతని ప్రజ్ఞ వెల్లడియైనది. పదవ తరగతి తరువాత సైన్సు చదువగోరగా అంధుడని నిబంధన లడ్డువచ్చెను. న్యాయస్థానమునకు పోయి కొన్ని నెలలు పోరాడి అనుమతి సంపాదించి, పాఠములను చెవితో విని చదివి, నూటికి 98 మార్కులు తెచ్చుకొనెను. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున పట్టము పొంది వచ్చి 2012లో పరిశ్రమ స్థాపించెను. ఈ కథను విని ఆ యువకుని పట్టుదలను మెచ్చుకొనని వారుండరు. మేమును మెచ్చుకొందుము. కాని మాకు పదేపదే స్ఫురించునది ఆ వెనుకబల్ల. న్యాయస్థానము మెట్లెక్కలేని తలిదండ్రుల బిడ్డలు ఇప్పటికిని దానిపై కూర్చుండియున్నారు.

కొందరు ఈ కథనుబట్టియే, ఇట్టి వారికి ప్రత్యేక పాఠశాలలే మేలని వాదింతురు. బధిరుల విషయమున ఆ వాదములో కొంత సత్యము గలదని మేము ఒప్పుకొందుము. సైగలభాష యెరిగినవారొక్కరైన లేని గదిలో నలువదిమంది నడుమ కూర్చుండిన బధిరబాలుడు ఒంటరిగా నున్నవానితో సమానుడు. చట్టము సైతము ఎంపికను బిడ్డకే విడిచినది. కాని ప్రతి మండలమునకు ఒక ప్రత్యేక వసతిగృహము కట్టగలవారెవ్వరు? కట్టినను, నడువలేని పిల్లకు లెక్కలు చెప్పుటకై తల్లినుండి ఎడబాపవలసిన యవసరమేమి? ఆమెకు లోపము కాలిలో నున్నది, లెక్కలో లేదు.

ఇతర బాలుర చదువు కుంటుపడునను భయము గూడ వినవచ్చుచున్నది. నల్లబల్లపై వ్రాయుచున్నదానిని బిగ్గరగా చదువుట, చదువుచున్నప్పుడు మోమును తరగతివైపు త్రిప్పియుంచుట, చెప్పినదానిని మరియొక విధముగా మరల చెప్పుట – వీనివలన మొదట మేలుపొందునది అంధుడో, చెవుడుగల పిల్లయో కావచ్చును. వెనుకవరుసలో కునుకుచున్న మన పిల్లలకు గూడ నష్టమేమియు కానరాదు. ఇది మంచి ఉపాధ్యాయులెల్లరు సహజముగా చేయుచున్న పనియే.

అట్లని భారమంతయు సామాన్యోపాధ్యాయునిపై మోపుట అన్యాయము. 1951లో మన భాషలకన్నిటికి ఉమ్మడిగా భారతీ బ్రెయిలు ఏర్పడినది. తెలుగు ‘క’కును హిందీ ‘క’కును ఒకే చుక్కలకూర్పు. అక్షరమొక్కటి ఆరుచుక్కల గూటిలో ఇముడును. కాని దానిని వ్రేలితో చదువనేర్పుట శిక్షణపొందినవాని పని. మన రాష్ట్రములలో భవిత కేంద్రములును, వానిలో పనిచేయు ప్రత్యేకోపాధ్యాయులును గలరు. వారు ఊరూర తిరిగి, ఇల్లు విడువలేని పిల్లలను ఇంటివద్దనే చూచుచు, మిగిలిన దినములలో బడులకు పోవలెను. ఇట్టి పిల్లలు ప్రాథమికతరగతులలో పదిమందికొకరు, ఆపై పదునైదుగురికొకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయు లుండవలెనని 2022లో ప్రమాణము ప్రకటితమైనది. 2021లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి మూలము. 2025 మార్చిలో ఆ న్యాయస్థానమే పోస్టుల సంఖ్యను తేల్చి ప్రకటింపుడని రాష్ట్రములను మరల ఆజ్ఞాపింపవలసివచ్చెను. ఒకమారు చెప్పినది రెండవమారు చెప్పించుకొనుట ప్రభుత్వములకు గౌరవము గాదు.

సమగ్రశిక్ష పథకమున ఇట్టి బిడ్డ యొక్కొక్కనికి సాలునకు 3,500 రూపాయలును, బాలికలకు అదనముగా నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలును కేటాయించినారు. ఈ పైకము తమ బిడ్డపేర వచ్చుచున్నదని తెలియని తలిదండ్రులకు దానిని తెలుపుటకు ప్రభుత్వోద్యోగియే రానక్కరలేదు. పాఠశాల యాజమాన్యసంఘము ప్రతి ప్రభుత్వ పాఠశాలకును గలదు. దానిలో తలిదండ్రులే అధికసంఖ్యాకులు. బడులు జూన్‌లో తెరచుటకు పూర్వమే ఆ సంఘమువారు కూర్చుండి, తమ యూర ఇట్టి బిడ్డలెందరో ఇల్లిల్లు దిరిగి వ్రాసికొని, ఎవరికి బ్రెయిలు పుస్తకము కావలెనో, ఎవరికి చెవియంత్రము కావలెనో, ఎవరిని బడికి తెచ్చుటకు తోడు కావలెనో ఆ జాబితాను మండల విద్యాధికారికి చేర్చి రసీదు పుచ్చుకొనవలెను. పుస్తకము సంక్రాంతికి చేరినచో ఆ యేడు పోయినట్లే.