నమస్కారానికి బదులేదీ?

ఉదయం పది గంటల వేళ ఏ కార్యాలయం గుమ్మంలో నిలబడినా ఒక దృశ్యం కనబడుతుంది. అధికారి కారు దిగుతాడు. కావలివాడు లేచి నమస్కరిస్తాడు. మెట్ల దగ్గర అటెండరు, వరండాలో గుమస్తాలు చేతులు జోడిస్తారు. సెల్‌ఫోను చెవిన పెట్టుకున్న ఆ పెద్దమనిషి ఎవరివంకా చూడకుండానే తన గదిలోకి వెళ్ళిపోతాడు. సాయంత్రం ఇల్లు చేరాక ఆయనే, చుట్టాలు వస్తే పిల్లలు లేచి నమస్కారమైనా పెట్టడం లేదని వాపోతాడు.

చిన్నవారు పెద్దలకు ఎలా నమస్కరించాలో మనం తరచు చెప్పుకొంటూనే ఉంటాం. నమస్కారం అందుకొన్నవారు ఏం చేయాలన్నది మాత్రం అంతగా ప్రస్తావనకు రాదు. మన శాస్త్రకారులు ఆ రెండో విషయాన్నీ అంతే పట్టుదలతో విధించారు.

మనుస్మృతి రెండో అధ్యాయం ప్రకారం పెద్దలు వస్తుంటే చిన్నవాడి ప్రాణాలు పైకి లేస్తాయట. లేచి నిలబడి అభివాదం చేస్తే అవి తిరిగి స్వస్థానానికి చేరుకొంటాయట. నిత్యం పెద్దలకు మొక్కి సేవించేవాడికి ఆయుస్సు, విద్య, కీర్తి, బలం వృద్ధి పొందుతాయని ఆ వెంటనే చెప్పారు. గురుపాదాలను స్పృశించేటప్పుడు చేతులు అడ్డంగా మార్చి కుడిచేత్తో కుడిపాదాన్ని, ఎడమచేత్తో ఎడమపాదాన్ని తాకాలి. వాహనం మీద ఉంటే దిగి నమస్కరించాలి. తెలుగునాట పెక్కు వైదిక కుటుంబాలకు సూత్రకారుడైన ఆపస్తంబుడు మరికొన్ని నియమాలు చేర్చాడు. చెప్పులు తొడుక్కొని, తల చుట్టుకొని, చేతిలో వస్తువు పట్టుకొని అభివాదం చేయరాదన్నాడు. ఒక చేత సెల్‌ఫోను, రెండో చేత సగం నమస్కారం పెట్టే మనల్ని చూస్తే ఏమనేవాడో!

గోత్రం, సూత్రం, శాఖ, పేరు చెప్పుకొని ‘అభివాదయే’ అనడం ఉపనయనమైన ప్రతి వటువుకూ తెలుసు. అందుకు బదులుగా పెద్దవాడు చేయవలసినది ప్రత్యభివాదం. ఆయుష్మంతుడవు కమ్మని దీవించి, నమస్కరించినవాడి పేరు పలికి, ఆ పేరు చివరి అచ్చును మూడు మాత్రల కాలం సాగదీయాలి. దీనినే ప్లుతం అంటారు. ఇందుకోసం పాణిని అష్టాధ్యాయి ఎనిమిదో అధ్యాయంలో ప్రత్యేకించి ఒక సూత్రమే చేశాడు. వ్యాకరణం ఎందుకు చదవాలో మహాభాష్యం ఆరంభంలో వివరించిన పతంజలి, ప్రత్యభివాదంలో ప్లుతం పలకడం రాని పెద్దలకు శాస్త్రోక్తమైన అభివాదం దక్కదన్న సంగతిని ఒక కారణంగా చూపాడు. మనువు మరింత కఠినంగా, బదులు పలకడం ఎరుగని విప్రుడికి విద్వాంసుడు అభివాదమే చేయరాదన్నాడు. ఇదంతా ఉచ్చారణ గొడవ అనిపించవచ్చు. కానీ ఎదుటివాడి పేరు పలకాలంటే ముందు దానిని చెవిపెట్టి వినాలి. చివరి అచ్చు సాగదీయాలంటే ఆ క్షణమైనా ఆగి నిలవాలి.

దాచనక్కరలేని మాట ఒకటి ఉంది. ఆ ప్లుత నియమం శూద్రులకు వర్తించదని పాణిని సూత్రమే చెబుతున్నది. బదులు పలికే మర్యాద అందరి పట్లా ఒకే తీరున ఉండేది కాదు. బదులు లేని మొక్కు చివరికి ఏమవుతుందో తెలంగాణ పల్లెలు చూశాయి. గడీల ముందు ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్తా’ అనిపించుకున్నది భక్తితో కాదు, భయంతో. 1946లో మొదలైన రైతాంగ సాయుధ పోరాటం వెట్టి మీద తిరగబడినప్పుడు ఆ వంగిన నడుములు కూడా నిటారుగా నిలిచాయి.

అదే సంప్రదాయంలో నమకమూ ఉంది. శివాభిషేక వేళ మనం వినే ఆ మంత్రభాగం నాలుగో అనువాకంలో వడ్రంగులకు, రథాలు చేసేవారికి, కుమ్మరులకు, కమ్మరులకు, నిషాదులకు రుద్రస్వరూపులుగా నమస్సులున్నాయి. ఆరో అనువాకం జ్యేష్ఠుడితోపాటు కనిష్ఠుడికీ నమస్కరిస్తూ మొదలవుతుంది. రుద్రాభిషేకం చేయించుకొని బయటికి వచ్చే గృహస్థుకు మొదట ఎదురయ్యేది చెప్పులు కాచే మనిషే కదా!

కవచం విప్పిన ధర్మరాజు

నమస్కారానికీ దీవెనకూ ఉన్న ముడి ఎంత బలమైనదో భీష్మపర్వం చెబుతుంది. ఇరుసేనలూ మోహరించాయి. శంఖాలు మోగాయి. అప్పుడు ధర్మరాజు కవచం విప్పి, ఆయుధాలు విడిచి, రథం దిగి, చేతులు జోడించి కాలినడకన శత్రుసేనవైపు సాగిపోయాడు. తమ్ములు కలవరపడ్డారు. కౌరవ సైనికులు పిరికివాడని నవ్వుకొన్నారు. శ్రీకృష్ణుడికి మాత్రం విషయం అర్థమైంది. ధర్మరాజు నేరుగా భీష్ముడి పాదాలు పట్టుకొని యుద్ధానికి అనుమతి కోరాడు. ఇలా రాకుంటే పరాజయం కలగాలని శపించి ఉండేవాడినని, ఇప్పుడు ప్రీతుడనైనానని, జయం పొందమని పితామహుడు దీవించాడు. మనిషి అర్థానికి దాసుడని, కౌరవుల అర్థం తనను కట్టివేసిందని దాచకుండా చెప్పుకొన్నాడు. ద్రోణుడు, కృపుడు, శల్యుడు కూడా అదే వరుసలో దీవించారు. ఎవరి ఉప్పు తింటున్నారో వారి పక్షాన యుద్ధం చేస్తూనే ఎదుటి పక్షానికి విజయం పలికారు. మొక్కినవాడికి బదులు చెప్పకుండా ఉండటం వారికి సాధ్యం కాలేదు.

పదవి పెద్దదై, వయసు చిన్నదైతే?

నేటి కార్యాలయాల్లో ఎదురయ్యే చిక్కు ఇది. పాతికేళ్ళ అధికారి, పదవీ విరమణకు దగ్గరైన గుమస్తా. ఎవరు ముందు నమస్కరించాలి? గౌరవానికి ధనం, బంధుత్వం, వయసు, సత్కర్మ, విద్య అనే ఐదు కారణాలు చెప్పి, వరుసలో వెనుకది ముందరిదానికన్నా గొప్పదన్నాడు మనువు. ఆ ఐదింటిలో కుర్చీ లేదు. మేనమామ, మామగారు వంటివారు తనకన్నా చిన్నవారైతే లేచి నిలబడి తన పేరు చెప్పుకొంటే చాలునని కూడా అక్కడే ఉంది. కాళ్ళంటనవసరం లేకుండా, మర్యాద చెడకుండా చూపిన ఆ దారి అధికారి, గుమస్తాలకూ సరిపోతుందని నా అభిప్రాయం. దారి ఇవ్వవలసిన వారి జాబితాలో రాజుతోపాటు రోగి, స్త్రీ, బరువు మోసేవాడు ఉన్నారు. రాజు, స్నాతకుడు ఎదురుపడితే గౌరవించవలసినది రాజే. ఫైళ్ళు మోసుకొస్తున్న అటెండరుకు వరండాలో పక్కకు తొలగి దారి ఇవ్వడానికి శాస్త్రం అడ్డురాదు.

శ్రీరాముడిని వాల్మీకి ‘పూర్వభాషి’ అన్నాడు. ఎదుటివారు పలకరించేదాకా ఆగకుండా తానే ముందు మాట్లాడేవాడని అర్థం. రాకుమారుడై ఉండి, ఏనుగు మీదనో రథం మీదనో నగరానికి తిరిగి వచ్చేటప్పుడు పౌరులను సొంతవారిలా పలకరించి, బిడ్డలు, భార్యలు, సేవకులు, శిష్యులు క్షేమమేనా అని విడివిడిగా అడిగేవాడట.

చిత్రకూటంలో భరతుడు నారచీరలతో, జటలతో, చేతులు జోడించి నేలమీద పడి ఉంటే రాముడు లేవదీసి, శిరస్సు మూర్కొని, కౌగిలించుకొని, ఒడిలో కూర్చోబెట్టుకొన్నాడు. ఆపై కుశలప్రశ్నలు మొదలుపెట్టాడు. తండ్రి ఎలా ఉన్నారన్న దానితో ఆగలేదు. పనివారు నీ ఎదుటికి జంకులేకుండా వచ్చేస్తున్నారా, లేక అసలు రావడమే మానేశారా, ఈ రెంటికీ నడుమ ఉండటం మంచిదన్నాడు. సేనకు భోజనం, జీతం తగినంతగా, వేళ తప్పకుండా, ఆలస్యం లేకుండా ఇస్తున్నావా అని అడిగాడు.