చట్టం ఉంది, నడిపించేవాళ్లేరీ?

పల్నాడు జిల్లా పెదకూరపాడు ఠాణా పరిధిలో పదహారేళ్ల కుర్రాడొకడు దొంగతనం కేసులో దొరికాడనుకుందాం. తర్వాత ఏం జరగాలో 2015 నాటి బాలల న్యాయ చట్టం, 2016 నాటి నమూనా నియమాలు స్పష్టంగా చెప్పాయి. లాకప్పులో పెట్టకూడదు, బేడీలు వెయ్యకూడదు. చిన్నపాటి నేరమైతే ఎఫ్‌ఐఆర్ కూడా ఉండదు. జనరల్ డైరీలో రాసుకుని, వాడి ఇల్లు, చదువు, తల్లిదండ్రుల బతుకుతెరువు వివరాలతో సామాజిక నేపథ్య నివేదిక తయారు చేసి జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపాలి. అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. ఈ పనుల కోసం ప్రతి స్టేషన్‌లో ఏఎస్సై స్థాయికి తగ్గని బాలల సంక్షేమ పోలీసు అధికారి, జిల్లాకో డీఎస్పీ నాయకత్వంలో ప్రత్యేక విభాగం ఉండాలి. కాగితం మీద ఇంతకన్నా కోరుకోవలసింది లేదు. అసలు పిల్లల నేరాలను వేరుగా చూడాలన్న ఆలోచన మనకు కొత్తదీ కాదు. దేశంలో ఇలాంటి మొదటి చట్టం 1920లో మన మద్రాసు ప్రెసిడెన్సీలోనే వచ్చింది.

మరి తేడా ఎక్కడొస్తోంది? 2023 అక్టోబరు నాటి లెక్కలతో ఇండియా జస్టిస్ రిపోర్ట్ చేసిన పరిశీలనలో జవాబు దొరుకుతుంది. దేశంలోని 362 బోర్డుల ముందు లక్షకు పైగా కేసులుంటే, అందులో 55 శాతం తేలనే లేదు. విచారణ నాలుగు నెలల్లో ముగియాలని చట్టం చెబుతున్నా ఇదీ పరిస్థితి. నాలుగింట ఒక బోర్డుకు పూర్తి సభ్యులే లేరు. అన్నిటికన్నా ఆలోచించాల్సిన అంకె వేరే ఉంది: పెండింగ్ ఒడిశాలో 83 శాతం, కర్ణాటకలో 35 శాతం. చట్టం రెండుచోట్లా ఒకటే. అమలు చేసే యంత్రాంగం, దాన్ని నడిపే మనుషులే వేరు. సంపూర్ణా బెహురా కేసులో 2018లో సుప్రీంకోర్టు అన్నదీ ఇంచుమించు ఇదే. పిల్లల కోసం ఏర్పాటు చేసే ప్రత్యేక పోలీసు విభాగాలు కాగితాలకే పరిమితం కాకూడదని, ఖాళీలు నింపాలని ఆదేశించింది.

అందుకే ఆ మనుషులకు శిక్షణ కావాలి. శిక్షణ అంటే కానిస్టేబుళ్లను ఒకరోజు హాల్లో కూర్చోబెట్టి, ఫొటో తీసి పంపడం కాదు. బోర్డులో నియమితులైన మేజిస్ట్రేటుకూ, ఇద్దరు సామాజిక కార్యకర్తలకూ 60 రోజుల్లోగా శిక్షణ ఇవ్వాలని చట్టమే అంటోంది. అయితే మేజిస్ట్రేటు ఒకచోట, పోలీసులు మరోచోట, పిల్లల్ని ఉంచే పరిశీలన గృహం సూపరింటెండెంటు ఇంకోచోట విడివిడిగా నేర్చుకుంటే చాలదు. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్‌లో గుంటూరు నుంచి విడివడి ఏర్పడింది. కొత్త జిల్లాలో అధికారులు కలిసి పనిచెయ్యడం మొదటినుంచీ అలవాటు చేసుకోవచ్చు. ఇక్కడికి మిర్చి కోతలకు కర్నూలు వైపు నుంచి కూలీ కుటుంబాలు వస్తాయి. ఆ పిల్లల్లో ఒకడు కేసులో ఇరుక్కుంటే సొంతూరు ఎక్కడో, బడి ఎప్పుడు మానేశాడో, బెయిలుపై ఎవరికి అప్పగించాలో తేల్చడం ఏ ఒక్క శాఖ వల్లా అయ్యే పని కాదు. ఎస్సై రాసిన నివేదిక బోర్డుకు దేనికి పనికొస్తుందో ఎస్సైకి తెలియాలి. అది రాయడానికి అతనికెంత వ్యవధి దొరుకుతుందో మేజిస్ట్రేటుకు తెలియాలి. అందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, పాత కేసులనే తిరగేయిస్తే అది అసలైన శిక్షణ.

శిక్షణతో మనుషులు మారతారా అన్న అనుమానం అన్యాయమైనదేమీ కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1969లో బాలల శాఖ పగ్గాలు చేపట్టిన జెరోమ్ మిల్లర్, సంస్కరణ పాఠశాలల సిబ్బందిని మార్చాలని మొదట ప్రయత్నించాడు. వాళ్లు కదల్లేదు. చివరికి ఆ పాఠశాలలనే మూసేశాడు. మిస్సోరీ రాష్ట్రం 1983లో బూన్‌విల్‌లోని పెద్ద నిర్బంధ పాఠశాలను మూసి, పిల్లల్ని ఊళ్లకు దగ్గరగా చిన్న గృహాల్లో ఉంచింది. కాపలాదారుల బదులు వాళ్లతో కలిసి పనిచేసే సిబ్బందిని తయారు చేసుకుంది. పాత ఏర్పాటు చెక్కుచెదరకుండా ఉంటే శిక్షణ వృథా అని మొదటి అనుభవం చెబుతోంది. నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవాళ్లు నేర్చుకున్నప్పుడు అది నిలుస్తుందని రెండోది చెబుతోంది. మన దగ్గర బదిలీలతో అంతా తుడిచిపెట్టుకుపోతుందన్న మాట నిజమే. ఒక్క అధికారికి నేర్పితే అంతే అవుతుంది, జట్టుకు నేర్పితే కొత్తగా వచ్చినవాళ్లకు మిగిలినవాళ్లు చెబుతారు. ఇక ఘోరమైన నేరం చేసిన పదిహేడేళ్లవాడి మీద ఈ జాలి ఎందుకంటారా? 16 ఏళ్లు దాటి హేయమైన నేరం చేసినవాణ్ని పెద్దవాడిగా విచారించాలో వద్దో తేల్చే ప్రాథమిక మదింపు కూడా ఈ బోర్డు చేతిలోనే ఉంది. అంత బరువైన నిర్ణయం శిక్షణ లేని చేతుల్లో ఉండటమే ఎక్కువ ప్రమాదం, బాధితులకు కూడా.

బాలల సంక్షేమ పోలీసు అధికారుల పేర్లు, ఫోన్ నంబర్లు ప్రతి ఠాణాలో అందరికీ కనిపించేలా రాసి పెట్టాలన్నది నిబంధన. మీ ఊరి స్టేషన్‌కు వెళ్లినప్పుడు ఆ జాబితా ఎక్కడుందో అడగండి. పేరున్న అధికారికి శిక్షణ ఎప్పుడిచ్చారో కూడా అడగండి.