చెరువు మట్టి – నీరు – కర్బనం

నేల అనగానే మనకు రాయి అరిగి ఏర్పడిన ఇసుక, బంకమట్టి గుర్తుకొస్తాయి. కాని నేలలో ఇంకొక భాగం ఉంది. రాలిన ఆకు, చచ్చిన వేరు, పేడ, పురుగు – ఇవన్నీ కుళ్ళగా మిగిలిన సేంద్రియ పదార్థం. దాని బరువులో దాదాపు సగం కర్బనమే. ఈ కర్బనం నేలలో ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది చాలావరకు నీటి చేతిలో ఉంది. వ్యవసాయ కుటుంబంలో పుట్టి సైన్సు చదువుతున్నవాణ్ణి కాబట్టి, ఈ సంగతి పాఠకమిత్రులతో పంచుకోవాలనిపించింది.

కుళ్ళడమంటే ఏమిటి? ఒక రకంగా అది మంట లేని మంట. సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని తిని, ఆక్సిజన్‌తో కలిపి కార్బన్ డై ఆక్సైడుగా గాలిలోకి వదులుతాయి. మరి అదే మట్టి నీళ్ళ కింద ఉంటే? గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. అందుకే నీట మునిగిన బురదలో పైపొర దాటితే ఆక్సిజన్ దాదాపు ఉండదు. అప్పుడు సూక్ష్మజీవులు నైట్రేటును, ఇనుమును, సల్ఫేటును ఆశ్రయిస్తాయి. అవీ అయిపోయాక మీథేన్ తయారుచేసే జీవుల వంతు. చెరువు బురదలో కట్టె గుచ్చితే బుడబుడమని పైకొచ్చే బుడగల్లో మీథేన్ ఉంటుంది. కుళ్ళిన గుడ్డు వాసన సల్ఫేటు నుంచి పుట్టిన హైడ్రోజన్ సల్ఫైడుది. ఈ దారులన్నిట్లోనూ జీవులకు దక్కే శక్తి తక్కువ. అందుకే పని మెల్లగా సాగుతుంది, కర్బనం పేరుకుంటుంది.

చల్లని దేశాల్లోనూ, వానలు ఎక్కువగా పడే ఇండొనేషియా వంటి చోట్లా ఇది వేల ఏళ్ళు సాగి 'పీట్' అనే నేల ఏర్పడింది. అది పెరిగేది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు. ప్రపంచ భూభాగంలో పీట్ నేలలు 3 శాతమే. అయినా అడవుల్లోని చెట్లూ చేమలన్నిటికంటే వాటిలోనే ఎక్కువ కర్బనం ఉందని అంచనా.

అటువంటి నేలలో కాలువలు తీసి నీరు వెళ్ళగొడితే ఏమవుతుంది? ఇంగ్లండులో 1851 ప్రాంతంలో విట్టిల్సీ అనే సరస్సును ఎండగట్టి సాగులోకి తెచ్చారు. ఆ పక్కనే హోమ్ అనే చోట పీట్ గుండా అడుగు బంకమట్టి దాకా ఒక ఇనుప స్తంభం దింపారు. అప్పుడు దాని కొన నేలకు సమానంగా ఉండేది. ఇప్పుడది సుమారు 4 మీటర్లు పైకి కనిపిస్తుంది. స్తంభం లేవలేదు, నేలే కుంగింది! మొదట నీటి ఆసరా పోయి నేల అణిగింది. తర్వాత గాలి సోకి కర్బనం ఆక్సీకరణం చెందింది. ఇంత దూరం ఎందుకు, కేరళ కుట్టనాడులోని 'కరి' నేలలు పీట్ కలిసిన నల్లని నేలలే. వాటిని ఆరబెడితే ఇంకో చిక్కు. అందులోని గంధకపు ఖనిజం గాలి తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతుంది, పైరు దెబ్బతింటుంది.

మన తెలంగాణలో అటువంటి పీట్ నేలలు లేవు. ఎండ ఎక్కువ, ఎండాకాలం పొడుగు. కాని మన పెద్దలు కట్టిన చెరువుల అడుగున ఇదే సూత్రం చిన్న ఎత్తున పనిచేస్తుంది. వాననీటితో కొట్టుకొచ్చిన సన్నని ఒండ్రు, ఆకూ అలమూ అక్కడ చేరి నీళ్ళ కింద మెల్లగా కుళ్ళుతాయి. అది పీట్ కాదు, అందులో ఎక్కువ భాగం మన్నే. అయినా సేంద్రియ కర్బనం అర శాతం కూడా లేని ఎర్ర చెలకలకు అది బలమే. అందుకే మా నాయిన ఎండాకాలంలో చెరువు ఎండంగనే మట్టి తోలిస్తాడు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో కూడా పూడిక మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు.

"మూడు నాలుగు పంటలకే సత్తువ పోతదిరా" అంటాడు నాయిన. సత్తువ ఎక్కడికి పోయింది? కొంత పంట తీసుకుంది. బంకమన్ను చాలావరకు చెలకలోనే ఉండి తేమ పట్టి ఉంచుతుంది. కాని నీళ్ళ చాటున దాగిన కర్బనానికి చెలకలో గాలి, వేడి, దున్నకం తగిలాయి. పైగా ఎండిన నేల మీద తొలకరి పడగానే సూక్ష్మజీవులు ఒక్కసారిగా విజృంభించి కార్బన్ డై ఆక్సైడ్ వదులుతాయి. ఎండడం, తడవడం – ప్రతి విడతకూ కొంత కర్బనం ఎగిరిపోతుంది. అందుకని మట్టి ఒక్కటి తోలితే చాలదు, ఏటా పేడ, పచ్చిరొట్ట, పంట చెత్త వెయ్యాలి. ఇంకొక మాట: నలుపంతా కర్బనం అనుకోరాదు. మన నల్లరేగడిలోనూ సేంద్రియ కర్బనం తరచు తక్కువే.

ఇక మన పాతబస్తీకి వద్దాం. తలాబ్ కట్టలో కట్ట పేరు మిగిలింది, మీర్ జుమ్లా చెరువు ఇళ్ళ కింద పోయింది. 1804 నుంచి 1808 వరకు దివానుగా ఉన్న మీర్ ఆలం పేరిట, 21 కమానుల కట్టతో నిలిచిన చెరువు మాత్రం జూపార్కు పక్కన ఇంకా ఉంది. చెరువును ఎండగట్టి పూడిస్తే నీటి చోటే కాదు, అడుగున చేరిన కర్బనం దాగే చోటు కూడా పోతుంది. అట్లాగని మురుగుతో నింపితే సరిపోతుందా? సరిపోదు. మురుగు, గుర్రపుడెక్క కుళ్ళితే మీథేన్ ఎక్కువవుతుంది. బరువుకు బరువు చూస్తే వాతావరణాన్ని వేడెక్కించడంలో అది కార్బన్ డై ఆక్సైడ్ కంటే చాలా రెట్లు బలమైనది. చెరువుకు నీళ్ళు కావాలి, మురుగు రాకూడదు. రెండూ కలిస్తేనే లాభం.

సైన్సు మిత్రులకు ఒక సూచన. చెరువు ఒడ్డు మట్టి, కాలేజీ మైదానం మట్టి కొంచెం కొంచెం తెచ్చి 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచండి. తర్వాత 550 డిగ్రీల కొలిమిలో కాల్చి మళ్ళీ తూచండి. తగ్గిన బరువు ఎక్కువగా సేంద్రియ పదార్థానిది. బంకమన్నులో బంధించి ఉన్న నీరు కూడా కొంత పోతుంది కనుక దీన్ని అంచనాగానే తీసుకోవాలి. ఏటా ఒకే చోట తీసి, లెక్క రాసి, తర్వాతి బ్యాచికి అప్పగిస్తే పదేళ్ళలో మన చెరువు మట్టి చరిత్ర మన చేతిలో ఉంటుంది.