చలివేట దినముల నడుమ తుపాకిని భద్రపఱచుట

గ్రామపెద్దలారా! మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1991లో దానికి చేసిన సవరణయు వేటను దాదాపుగా మాన్పించినవి. అయినను పైరు కాచుకొనుటకై, మూతినుండి మందు దట్టించు తుపాకికి అనుమతిపత్రము నిచ్చు నియమము 1959వ సంవత్సరపు ఆయుధచట్టమున కలదు. కావున నాటుతుపాకి మీకు క్రొత్త వస్తువు కాదు. నేడు నేను చెప్పఁబోవునది మాత్రము అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు సంగతి. అచట చెకుముకిరాతి తుపాకితో జింకలను వేటాడుటకు క్రిస్మసు మఱునాటినుండి కొన్ని దినములను ప్రత్యేకించియున్నారు. ఈ యేర్పాటు 1974లో మొదలైనది. అది మంచు పేరుకొను కాలము.

వేటకాఁడు పగలెల్ల తిరిగి, జింక చిక్కక, దట్టించిన తుపాకిని పేల్చకయే మరలివచ్చును. మఱునాఁడు మరల పోవలెను. రాత్రి దాని నెచట నుంచవలెను? వెచ్చని యింటిలో నుంచుట మేలని తోఁచును. అదియే పొరపాటు.

మంచుగడ్డ వేసిన నీళ్ల చెంబు వెలుపల చెమర్చుట మీ రెఱిఁగినదే. ఆ నీరు చెంబునుండి కాఱినది కాదు, గాలిలోనిది. 20 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనమున ఒక ఘనమీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటియావిరిని మోయఁగలదు. సున్న డిగ్రీలవద్ద 5 గ్రాములను మించి మోయలేదు. కావున చల్లని యినుమును తాఁకిన వెచ్చనిగాలి తాను మోయలేని తేమను దానిపై విడిచిపెట్టును. గొట్టము లోపలను, మరయందును ఇట్లే జరుగును. మందులోని సురేకారము, గంధకము, బొగ్గు అను మూఁడింటిలో బొగ్గు తేమను త్వరగా పీల్చును. మఱునాఁడు చలిలోనికి పోఁగా మరలోని తేమ గడ్డకట్టును. అప్పుడు మందు అంటుకొనకపోవచ్చును, లేదా ఆలస్యముగా నంటుకొనవచ్చును. రెండవది మొదటిదానికంటె ఘోరము. ఏలయన, పేలలేదని తలఁచి మనుష్యుఁడు గొట్టమును ప్రక్కకు త్రిప్పును.

అందుచేత అనుభవజ్ఞులు తుపాకిని చలిలోనే, తాళము వేసిన కొట్టులో నుంచుదురు. మొదట పళ్లెములోని రంజకమును పాఱఁబోసి, తుడిచి, రంధ్రమున ఒక పక్షియీకను గ్రుచ్చుదురు. (రంజకమనఁగా సంస్కృతమున రంగు నిచ్చునది, సంతోషపెట్టునది యని యర్థము. తుపాకి మందునకు ఈ పేరు తగిలించిన రసికుఁ డెవ్వఁడో!) ఇంటిలోనికి తేక తప్పనిచో, మూసిన సంచిలోనే యుంచి, మెల్లగా వెచ్చఁబడిన పిదపనే తీయవలెను. అప్పుడు తేమ సంచిపై నిలుచును.

రంజకము తీసివేసిన తుపాకిని వాహనమున నుంచుటకు ఆ రాష్ట్రపు చట్టము ఖాళీదానిగానే యెంచును. నేనట్లెంచను. నా చిన్ననాఁడు మా యూర నొక రైతు, పందుల కాపునకై దట్టించిన టోపీతుపాకిని టోపీ తీసి అటుకపై పెట్టి మఱచెను. మఱుసటి యేఁడు అతని తమ్ముని కుమారుఁడు ఆటకై దానికి టోపీ తొడిగి గుఱ్ఱమును లాగెను. గుండు దూలమున దిగినది. ఆ దూలము క్రిందనే పిల్లవాని తల్లి వడ్లు చెఱుగుచుండెను. ఆమె చేట యెగిరిపడిన చప్పుడు నాకిప్పటికిని వినఁబడును. పిల్లలున్న యింట రాత్రికి రాత్రియే మందును గుండును వెలికితీయవలెను. తీయుట తెలియనివాఁడు తెలిసినవానిని పిలువవలెను.

దట్టించియున్నదో లేదో తెలిసికొనుటకు సులభోపాయము కలదు. ఖాళీ గొట్టములో దట్టించుకడ్డిని అడుగంట దింపి, మూతివద్ద కడ్డిపై గాటు పెట్టవలెను. తరువాత నెప్పుడైనను ఆ గాటు మూతికిపైన నిలిచినచో లోపల నేదో యున్నదన్నమాట.

ఒక్కమాఱు పేల్చిన తుపాకి సంగతి వేఱు. దాని మసి గాలిలోని తేమను లాగి ఒక్క రాత్రిలోనే త్రుప్పు పట్టించును. వేఁడినీటితో కడిగి, ఆఱఁదుడిచి, పలుచగా నూనె పూయవలెను. ఉదయమున దట్టించుటకు ముందు ఆ నూనెను పొడిగుడ్డతో పూర్తిగా తీసివేయవలెను. నూనె తగిలిన మందును నీరు తగిలినదానివలెనే నమ్మరాదు. పేల్చక దాఁచినదానికి ఇంత పని లేదు: ఈకను లాగి, పళ్లెమును తుడిచి, క్రొత్త రంజకము పోసికొని బయలుదేఱుటయే.