ఇంటి ముంగిట గేరుబాక్సు

హిందూస్థాన్ మోటార్సు వారి కాంటెస్సా 1984లో వచ్చింది. మొదట నాలుగు గేర్లే. తరువాత ఇసుజు ఇంజనుతోబాటు అయిదవ గేరూ చేరింది. అట్టి కారొకటి టేకులపల్లిలో మా బావమరిదికి ఉంది. మూడవ గేరు గరగరలాడుతోందని, పాత కారునుంచి మరో గేరుబాక్సు తెచ్చి, వేపచెట్టు క్రింద తానే మార్చబోయాడు.

జాకీతో బండి లేపి క్రిందకు దూరబోతుంటే అత్తగారు కేకవేశారు:

"ఆగరా! నేల వానకు నానింది, కనబడటంలా?"

మాట ముగియకముందే జాకీ ఒరిగింది. బండి దభీమని క్రుంగింది. అందరి ముఖాలూ పాలిపోయాయి.

ఈసారి నేలమీద పలకలు పరిచి, ఇనుప స్టాండ్లమీద బండిని నిలిపాడు. బేటరీ తీగ విప్పి, ఆయిలు దింపి, ప్రొపెల్లరు షాఫ్టు తీశాడు. ఇద్దరు ఆసరాపట్టగా గేరుబాక్సు దిగింది. క్రొత్తది ఎక్కించడమే కష్టం: క్లచ్చి ప్లేటు సరిగ్గా నడిమధ్యన ఉంటేనే షాఫ్టు దూరుతుంది, బరువంతా దానిమీద వ్రేలాడితే ప్లేటు వంగుతుంది. ఓపికపట్టాడు.

సాయంకాలం ఇల్లెందుదాకా వెళ్ళివచ్చాం. మూడవ గేరు మెత్తగా పడింది. ముందు సీటు మాత్రం అత్తగారిదే!