ఆపరేషను తర్వాత అన్నం ఎప్పుడు?

మన ఇళ్లలో రోగిని చూడవచ్చిన బంధువులు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: “అన్నం పెట్టారా?” జ్వరం తగ్గిందా, మందు పనిచేసిందా అనే సంగతులన్నీ ఆ తర్వాత. పథ్యం పెట్టారంటే గండం గడిచినట్టే లెక్క. మన భాషలో అన్నం అంటే ఉడికిన బియ్యమే కాదు. భోజనమూ అదే, బతుకూ అదే. అటువంటి మనకు, ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చిన మనిషికి వారాల తరబడి అన్నం పెట్టవద్దంటే ప్రాణం ఉసూరుమనదూ?

స్థూలకాయం తగ్గడానికి శస్త్రచికిత్స చేయించుకున్నవారి ఇళ్లలో సరిగ్గా ఈ చిక్కే వస్తున్నది. అమ్మకు గాని అత్తగారికి గాని కొడుకు నీరసంగా కనబడితే చాలు, గిన్నెడు గంజి కలిపి తెస్తారు. వద్దంటే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఆపరేషను చేసేది వైద్యుడే. కాని ఆ తర్వాత ఆరు వారాలూ దానిని కాపాడవలసినది వంటిల్లు. అంచేత వంటింటివారికి తెలియవలసిన సంగతులు కొన్ని ఇక్కడ ముచ్చటించుకుందాం.

కడుపులో ఏం మారింది?

ఈ చికిత్స నిన్న మొన్నటిది కాదు. కడుపులో పుండ్లకని జీర్ణాశయంలో చాలా భాగం తీయించుకున్నవారు తర్వాత బరువు తగ్గడం వైద్యులు గమనించారు. ఆ ఆధారంతోనే 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో మేసన్, ఇటో అనే ఇద్దరు వైద్యులు స్థూలకాయులకు బైపాస్ ఆపరేషను మొదలుపెట్టారు. నేడు ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో ముప్పాతిక భాగమో, ఇంకా కొంచెం ఎక్కువో కోసి తీసివేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో సన్నని గొట్టం. బైపాస్ పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, దానిని చిన్నప్రేగుకు కలుపుతారు.

ఏ పద్ధతి అయినా లోపల కుట్లు మానాలి, వాపు తీయాలి. అందుకని ఆహారాన్ని మెట్లు మెట్లుగా పెంచుతారు. మొదటి ఒకటి రెండు రోజులు నీళ్లు, తేటగా వడగట్టిన కట్టు. రెండవ వారం చివరివరకు పాలు, మజ్జిగ వంటి ద్రవాలు. మూడు, నాలుగు వారాల్లో మెత్తగా మెదిపినవి. అయిదు, ఆరు వారాల్లో నమలడానికి సులువైన మెత్తని పదార్థాలు. ఆ పైన క్రమంగా మామూలు భోజనం. ఆసుపత్రినిబట్టి ఇది ఒక వారం అటూ ఇటూ కావచ్చు. మీ వైద్యుడు రాసి యిచ్చిన కాగితమే మీకు ప్రమాణం.

పాత పథ్యం ఎందుకు చెల్లదు?

మనకు తెలిసిన రోగి ఆహారమేదో ఒకసారి తలచుకోండి. గంజి, బార్లీ నీళ్లు, సగ్గుబియ్యం జావ, గ్లూకోజు, బత్తాయి రసం, ఆ తర్వాత చారూ అన్నం. వీటన్నిటిలోనూ వున్నవి ముఖ్యంగా పిండిపదార్థాలూ, చక్కెరలే. జ్వరపడి లేచినవాడికి రెండు మూడు రోజులు ఇవి చాలు. నాలుగో రోజుకు అతడు కడుపునిండా తింటాడు గనుక లోటు తీరిపోతుంది. ఆపరేషనైన మనిషికి కడుపునిండా తినడమన్నదే నాలుగైదు చెంచాల మాట!

లెక్క చూడండి. ఈ ఆపరేషను తర్వాత రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు అందాలని వైద్యులు చెబుతారు. 60 గ్రాముల అన్నంలో వుండేవి సుమారు ఒకటిన్నర గ్రాములు మాత్రమే. ఒక్క కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు వుంటాయి. వున్న కాస్త చోటునూ అన్నం ఆక్రమిస్తే గుడ్డుకు, పప్పుకు, పెరుగుకు చోటెక్కడిది? మాంసకృత్తులు చాలకపోతే శరీరం కొవ్వుతోపాటు సొంత కండనుకూడా కరిగించుకుంటుంది. మనిషి సన్నబడతాడు గాని సత్తువ వుండదు. కొన్ని నెలలకు జుట్టు రాలడం ఎక్కువవుతుంది.

అంచేత గుర్తుంచుకోవలసిన వరస ఇది. మొదట నీళ్లు: రోజు మొత్తానికి లీటరున్నరకు తగ్గకుండా, గుక్కగుక్కగా. అవి కూడా తిండితో కలిపి కాదు. తిన్న అరగంట తర్వాత. రెండవది మాంసకృత్తులు: పాలు, చక్కెర లేని పెరుగు, మెదిపిన పప్పు, గుడ్డు, పన్నీరు, అలవాటున్నవారికి చేప, కోడి మాంసం. ఇవి చాలని రోజుల్లో వైద్యుడు చెప్పిన మాంసకృత్తుల పొడి. మూడవది ఉడికించిన కూరగాయలు. చోటు మిగిలితే అన్నం.

తియ్యని ద్రవంతో చిక్కు

“నమలకూడదు గనుక తాగిద్దాం” అని పండ్లరసం, పంచదార వేసిన జావ ఇవ్వడం ఇంకొక పొరపాటు. బైపాస్ అయినవారికి ఇది ముఖ్యంగా తగదు. చక్కెర ఒక్కసారిగా చిన్నప్రేగులోకి దిగితే అది చుట్టుపక్కల రక్తనాళాలనుంచి నీటిని లోపలికి లాగుతుంది. అరగంట లోపలే గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు. దీనినే డంపింగ్ అంటారు. కొందరికి గంట నుంచి మూడు గంటల తర్వాత రక్తంలో చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. అది చూసి మళ్లీ తీపి పెట్టడం, మళ్లీ అదే బాధ! అలా జరిగితే వైద్యుడికి చెప్పి తిండి వరస సరిచేసుకోవాలి. మధుమేహం వున్నవారు మరింత జాగ్రత్తగా వుండాలి. తిండి ఇంతగా తగ్గినప్పుడు ఇన్సులిను, మాత్రలు పాత మోతాదులోనే వాడితే ప్రమాదం. ఆ మోతాదు మార్చవలసినది వైద్యుడే; ఇంట్లోవారు కాదు.

అలాగని అన్నం శత్రువా?

కానే కాదు. పిండిపదార్థం పేరు చెబితేనే హడలిపోయేవారూ వున్నారు. పాలలో, పెరుగులో, పప్పులో కూడా అవి కొంత వుండనే వున్నాయి. శరీరం కాలేయంలోనూ, కండరాల్లోనూ కొంత పిండిపదార్థాన్ని నీటితో కలిపి దాచుకుంటుంది. మొదటి రోజుల్లో ఆ నిలవ ఖర్చయిపోతుంది. తొలివారంలో బరువు చకచకా తగ్గడంలో ఈ నీటి వంతు కూడా వున్నది. నీరసం, తలనొప్పి, నోటి వాసన కొందరికి అప్పుడే కనిపిస్తాయి. ఇవి సాధారణంగా కొద్దిరోజుల్లో సర్దుకుంటాయి.

మెత్తని ఆహారం మెట్టుకు వచ్చాక, పప్పు గాని గుడ్డు గాని ముందు తిని, చివర ఒకటి రెండు చెంచాల మెత్తటి అన్నమో, పప్పులో మెదిపిన ఇడ్లీ ముక్కో రుచి చూడవచ్చు. బిరుసు అన్నం, చపాతీ, రొట్టె ఇంకా ఆలస్యంగా మొదలుపెట్టాలి. సరిగా నమలకపోతే అవి ముద్దగా కట్టి ఇరుకు దారిలో అడ్డంపడతాయి. నొప్పి, వాంతి తప్పవు.

వాంతులను తేలికగా తీసుకోవద్దు

ఒకనాడు మన ఉత్తర సర్కారు జిల్లాల్లో బాగా దంచిన తెల్లబియ్యమే ఆధారంగా బతికినవారిని బెరిబెరి వ్యాధి పీడించింది. తవుడుతోపాటు బి1 విటమిను పోవడమే కారణం. పిండిపదార్థాన్ని శక్తిగా మార్చడానికి ఆ విటమిను కావాలి. శరీరంలో దాని నిలవ రెండు మూడు వారాలకు మించి రాదు. ఆపరేషనైన మనిషికి రోజుల తరబడి వాంతులైతే ఆ నిలవ తరిగిపోతుంది. చూపు రెండుగా కనబడడం, నడక తూలడం, మాట తికమక కావడం మొదలైతే క్షణం ఆలస్యం చేయకూడదు. ఆసుపత్రికి తీసుకుపోయి, ఏ ఆపరేషను జరిగిందో, వాంతులు ఎన్నాళ్లుగా వున్నాయో మొదటనే చెప్పండి. అటువంటి స్థితిలో బి1 ఇవ్వకుండా గ్లూకోజు మాత్రం ఎక్కిస్తే మెదడుకు చేటు. “నీరసంగా వున్నాడు, ఒక సీసా గ్లూకోజు ఎక్కించండి” అని మనమే తొందరపెట్టడం అందుకే మంచిది కాదు. వైద్యుడు రాసిన విటమిను మాత్రలు కూడా ఒక్కపూట మానరాదు.

పెట్టే చేతులకు ఒక మాట

స్లీవ్ ఆపరేషనులో తీసివేసే భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే రసం ఎక్కువగా తయారవుతుంది. అంచేత ఆకలి లేదని రోగి అంటే అది అలక కాదు, నిజమే. “నాకోసం ఇంకొక్క ముద్ద” అని బలవంతం చేయకండి. ఆ ఒక్క ముద్దే వాంతికి కారణం కావచ్చు. దానికి బదులు గంటగంటకూ నీళ్లగ్లాసు అందించండి. చిన్న గిన్నె, చిన్న చెంచా పెట్టండి. అతడు నిదానంగా నములుతూ వుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి.

పథ్యం అనే సంస్కృత పదం దారి అనే అర్థంగల మాటనుంచి పుట్టింది. దారికి తగినది, హితమైనది అని దాని భావం. రోగాన్నిబట్టి దారి మారుతుంది. దారినిబట్టి పథ్యమూ మారాలి. ఆరు వారాలు ఓపికపడితే అన్నం ఎక్కడికీ పోదు. ముద్దలుగా కాకపోయినా చెంచాలుగా అది మళ్లీ కంచంలోకి వస్తుంది.