సి డ్రైవ్ ఖాళీ, అప్‌డేట్‌కి చోటు లేదు

2024 జనవరి 9న మైక్రోసాఫ్ట్ విండోస్ 10 కోసం కేబీ5034441 అనే చిన్న అప్‌డేట్ విడుదల చేసింది. చాలా పాత కంప్యూటర్లలో అది డౌన్‌లోడ్ అయింది, ఇన్‌స్టాల్ మొదలైంది, మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నిస్తే మళ్ళీ అదే వరస. తెర మీద మిగిలింది 80070643 అనే ఎర్రర్ కోడ్ ఒక్కటే. సి డ్రైవ్‌లో చూస్తే బోలెడు ఖాళీ. దాంతో అనుమానం ముందు యాంటీవైరస్ మీదికి, తర్వాత హార్డ్‌డిస్క్ మీదికి పోతుంది. చివరికి ఫార్మాట్ కొట్టిద్దామన్న ఆలోచన వస్తుంది. రిపేరు షాపులో తరచుగా వినిపించే సలహా కూడా అదే. ఈ జబ్బుకి అంత పెద్ద వైద్యం అక్కర్లేదు.

ముందు ఆ కోడ్‌ని విప్పి చూద్దాం. అది హెక్సాడెసిమల్ లెక్కలో, అంటే పది బదులు పదహారు ఆధారంగా రాసిన సంఖ్య. మొదటి 8 అంటే పని విఫలమైందని. తర్వాతి 007 అంటే కారణాన్ని విండోస్ మామూలు తప్పుల జాబితాలో వెతుక్కోమని. చివరి 0643 ఆ జాబితాలోని వరస సంఖ్య. 6ని 256తో, 4ని 16తో గుణించి 3 కలిపితే 1603 వస్తుంది. జాబితాలో 1603కి ఎదురుగా ఉన్న మాట: ‘ఇన్‌స్టాల్ చేస్తుండగా తీవ్రమైన లోపం’. ఎందుకు ఆగిందయ్యా అని అడిగితే, ఆగింది కాబట్టి ఆగింది అన్నట్టుంది జవాబు! డిస్కులో చోటు చాలకపోతే మామూలుగా వచ్చే కోడ్ 80070070. దాని చివరి 70ని మన లెక్కలోకి మారిస్తే 112, అంటే డిస్కులో చోటు లేదని. ఇక్కడ అసలు కారణం కూడా చోటే. కొన్ని కంప్యూటర్లలో సరైన కోడ్‌కి బదులు 80070643 కనిపిస్తోందని మైక్రోసాఫ్ట్ కూడా ఒప్పుకుంది.

సి డ్రైవ్‌లో అంత ఖాళీ ఉండగా చోటు చాలకపోవడమేమిటి? డిస్కు ఒకటే అయినా లోపల దాన్ని పార్టిషన్లుగా విడగొట్టి ఉంచుతారు. సి, డి లాంటి అక్షరాలు ఉన్నవే మనకు కనిపిస్తాయి. అక్షరం లేని చిన్న పార్టిషన్లు కొన్ని చాటున ఉంటాయి. వాటిలో ఒకటి రికవరీ పార్టిషన్. అసలు విండోస్ లేవనంటే మరమ్మతు కోసం లేచే బుల్లి విండోస్ అందులో ఉంటుంది. దాన్నే విన్‌ఆర్ఈ అంటారు. విండోస్‌లోని బిట్‌లాకర్ అనే సదుపాయంతో ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కులోని సమాచారాన్ని, కంప్యూటర్ చేజిక్కించుకున్నవాడు ఈ రికవరీ దారిలో చూసేయగల లోపం ఒకటి బయటపడింది. దాని నంబరు సీవీఈ-2024-20666. అప్‌డేట్ వచ్చింది ఆ కంత పూడ్చడానికే. అందుకు రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాలి. చాలా పాత కంప్యూటర్లలో ఆ పార్టిషన్ మొత్తం కలిపితేనే 500 ఎంబీ అటూ ఇటూ, అందులోనూ ఎక్కువ భాగం నిండే ఉంటుంది. ఇంట్లో గదులన్నీ ఖాళీగా ఉన్నా, పెద్ద గంగాళం అటక మీద పట్టకపోతే పట్టదంతే.

పాత యంత్రాలకే ఈ తిప్పలెందుకంటే, పార్టిషన్ల కొలతలు విండోస్ ఎక్కించిన రోజే ఖాయమవుతాయి. 2015లో విండోస్ 10 వచ్చిన కొత్తలో కొలిచి పెట్టిన గది అది. విన్‌ఆర్ఈ మాత్రం ఏటా పెరుగుతూ వచ్చింది. పైగా అప్పటి ఇన్‌స్టాలర్ రికవరీని సి డ్రైవ్‌కి ముందు పెట్టేది. సి డ్రైవ్‌ని కుదిస్తే ఖాళీ దాని చివర ఏర్పడుతుంది. కాబట్టి ముందున్న పార్టిషన్‌ని అలా పెంచడం కుదరదు, చివర కొత్తది కట్టుకోవాలి.

మీ కంప్యూటర్ సంగతి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో తెలుస్తుంది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే ఆ పేరు కనిపిస్తుంది. రికవరీ అని రాసి ఉన్న గడి సైజు చూడండి. ఆ గడి 100 శాతం ఖాళీ అని చూపిస్తే మాత్రం నమ్మకండి, అక్షరం లేని పార్టిషన్‌లో ఎంత వాడకమైందో అక్కడ సరిగా తెలియదు. మరమ్మతు క్రమం ఇది: విన్‌ఆర్ఈని తాత్కాలికంగా ఆపి, సి డ్రైవ్‌ని కావలసినంత కుదించి, పాత రికవరీని తీసేసి, పెద్దది కట్టి, విన్‌ఆర్ఈని మళ్ళీ ఆన్ చేయడం. మైక్రోసాఫ్ట్ ఈ ఆదేశాలను ప్రచురించింది కానీ, ఆటోమేటిక్‌గా సరిచేసే మార్గం ఉండదని 2024లోనే తేల్చేసింది. డిస్క్‌పార్ట్ అనే పనిముట్టుతో చేసే పని ఇది. డిలీట్ అన్నాక అది నిజంగానా అని మళ్ళీ అడగదు, పార్టిషన్ నంబరు ఒకటి తప్పితే ఫొటోలూ పత్రాలూ అన్నీ పోతాయి.

నన్నడిగితే, డిస్కుకి ఎన్‌క్రిప్షన్ లేనివాళ్ళు ఈ ఒక్క అప్‌డేట్ ఆగినా కంగారు పడక్కర్లేదు. విన్‌ఆర్ఈ అసలే లేని కంప్యూటర్‌కి ఈ అప్‌డేట్ అవసరం లేదని మైక్రోసాఫ్ట్ కూడా చెప్పింది. అయితే కొన్ని ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో చూసుకోండి.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అక్కడి నుంచి విండోస్ 11కి మారేవాళ్ళకు ఇలాంటిదే ఇంకో అడ్డు తగలొచ్చు. ‘సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ని అప్‌డేట్ చేయలేకపోయాం’ అని వస్తే, ఈసారి ఇరుకు బూట్ ఫైళ్ళున్న పార్టిషన్‌లో అన్నమాట. అది తరచుగా 100 ఎంబీయే ఉంటుంది. కావలసింది అక్కడ 15 ఎంబీ ఖాళీ. అనవసరమైన ఫాంట్ ఫైళ్ళు తీసేస్తే చాలాసార్లు ఆ చోటు దొరుకుతుంది.

పార్టిషన్ల జోలికి వెళ్ళేముందు ఫైళ్ళన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కీ లేకపోతే రిపేరు షాపువాళ్ళే కాదు, మైక్రోసాఫ్ట్ కూడా మీ డిస్కు తెరవలేదు.